షికాగోలో నాలుగు రోజులు: చూసేది డౌన్‌టౌన్‌లో, తినేది పేటల్లో

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. డాలస్‌లో ఉండే జంట మీరు. సెప్టెంబరు మధ్యలో ఒక గురువారం మధ్యాహ్నం షికాగోలో దిగి, ఆదివారం సాయంత్రం తిరుగు విమానం ఎక్కాలి. మీరు శాకాహారి. మీవారు కోడి, మేక, చేప తింటారు కానీ బీఫ్, పోర్క్ ముట్టరు. కారు అద్దెకు తీసుకోవాలా, ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి, ఆ డీప్ డిష్ పిజ్జా నిజంగా తినదగ్గదేనా, ఇండియన్ దుకాణాలుండే డెవన్ అవెన్యూకి వెళ్లాలా అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా ఈ ఊరి శివార్లలోనే ఉంటున్నాను. ఇండియా నుంచి వచ్చిన బంధువులకీ, వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన స్నేహితులకీ ఊరు చూపించే పని మా ఇంట్లో నాదే. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. షికాగోలో చూడాల్సినవి చాలావరకు డౌన్‌టౌన్‌లో, ఒకదానికొకటి నడిచే దూరంలో ఉన్నాయి. తినాల్సినవి మాత్రం అక్కడ తక్కువ. అవి పేటల్లో ఉన్నాయి. పగలంతా మిషిగన్ అవెన్యూ మీద తిరిగి, ఆకలేసిన చోటే ఎదురుగా కనబడిన రెస్టారెంటులోకి వెళ్లిన వాళ్లు "ఊరు బాగుంది, తిండి మామూలే" అంటారు. రోజుకి ఒక్క పూటైనా రైలెక్కి ఏదో ఒక పేటకి వెళ్లి తినండి.

కారు వద్దు. డౌన్‌టౌన్ హోటళ్లలో రాత్రి పార్కింగే 50 డాలర్లు దాటుతుంది, రోడ్ల మీద మీటర్లు వేరు. డాలస్‌లో కారు లేకుండా పాల ప్యాకెట్ కూడా తెచ్చుకోలేం కాబట్టి మీకు ఇది నమ్మబుద్ధి కాకపోవచ్చు. మీ డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు నుంచి అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో వస్తే ఓహేర్ ఎయిర్‌పోర్టులో దిగుతారు, అక్కడి నుంచి బ్లూ లైన్ రైలు ముప్పావు గంటలో ఊరి నడిబొడ్డుకి తెస్తుంది, రాత్రీ పగలూ నడుస్తుంది. మీ రెండో ఎయిర్‌పోర్టు లవ్ ఫీల్డ్ నుంచి సౌత్‌వెస్ట్ విమానంలో వస్తే మిడ్‌వే, అక్కడి నుంచి ఆరెంజ్ లైన్, అరగంటలోపే. ప్రత్యేకంగా కార్డు కొనక్కర్లేదు, మీ క్రెడిట్ కార్డునో ఫోన్‌నో గేటు దగ్గర తాకిస్తే చాలు. ఇద్దరికీ వేర్వేరు కార్డులు వాడండి, లైను మారినప్పుడు గందరగోళం ఉండదు.

రైలు గురించి భద్రత మాట కూడా చెప్పాలి. పగలు, సాయంత్రాలు నిశ్చింతగా ఎక్కవచ్చు. రాత్రి పది దాటాక ఖాళీ పెట్టె ఎక్కకండి, డ్రైవర్ ఉండే మొదటి పెట్టెలో కూర్చోండి. బాగా ఆలస్యమైతే క్యాబ్ పిలవండి. అంతకు మించి టెన్షన్ పడాల్సింది లేదు.

హోటల్ రివర్ నార్త్‌లో గానీ లూప్‌లో గానీ చూసుకోండి. నదికి రెండు వైపులా ఉండే ప్రాంతాలివి. వెబ్‌సైట్‌లో కనబడే ధర మీద పన్నే 17 శాతం దాటుతుంది, ముందే లెక్కలో వేసుకోండి. రెస్టారెంట్లలోనూ పన్ను 10 శాతం పైనే, దాని మీద 18 నుంచి 20 శాతం టిప్పు.

ఇక చూడాల్సినవి. గురువారం దిగి, సామాను హోటల్లో పడేసి, నేరుగా నది దగ్గరికి వెళ్లండి. షికాగో ఆర్కిటెక్చర్ సెంటర్ వాళ్ల పడవ ప్రయాణం గంటన్నర ఉంటుంది. టికెట్ ఒక్కొక్కరికి 50 డాలర్లు దాటుతుంది. మొత్తం ట్రిప్‌లో ఒక్కదానికే డబ్బు పెట్టగలమంటే నేను దీనికే పెట్టమంటాను, అది కూడా మొదటి రోజే. చాలామంది దీన్ని చివరి రోజుకి దాచుకుంటారు. కానీ ముందు చూస్తే, తర్వాత మూడు రోజులూ మీరు నడిచే ప్రతి వీధిలో ఆ కట్టడాలు మీకు పేరుతో సహా తెలిసినవై ఉంటాయి.

వాళ్లు చెప్పే కథ బాగుంటుంది. 1871 అక్టోబరులో ఊళ్లో మంటలు అంటుకుని దాదాపు 17 వేల కట్టడాలు కాలిపోయాయి, లక్ష మంది నిలువ నీడ లేనివాళ్లయ్యారు. ఊరి నడిబొడ్డును మళ్లీ మొదటి నుంచి కట్టాల్సి వచ్చింది. ఆ పునర్నిర్మాణ కాలంలోనే, 1885లో, లోహపు చట్రం మీద నిలబెట్టిన మొట్టమొదటిదని చాలామంది చెప్పే ఆకాశహర్మ్యం ఇక్కడ లేచింది. హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగ్ దాని పేరు, 1931లో కూల్చేశారు. మీరు పడవలో వెళ్లే నది కూడా ఒకప్పుడు ఇలా పారేది కాదు. ఊరి మురుగంతా మోసుకెళ్లి, జనం మంచినీళ్లు తాగే మిషిగన్ సరస్సులో కలిపేది. అందుకని కాలువ తవ్వి, 1900లో నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పారు. ఇప్పుడు సరస్సు నీరే నదిలోకి వస్తుంది.

పడవ మీద నుంచి రెండు కట్టడాలు తప్పకుండా గమనించండి. మెరీనా సిటీ జంట టవర్లు మొక్కజొన్న కంకుల్లా గుండ్రంగా ఉంటాయి. వాటి కింది 19 అంతస్తులూ కార్ల పార్కింగే, కార్ల వెనక భాగాలు అంచున వరసగా కనిపిస్తాయి. రెండోది నది ముఖద్వారం దగ్గర నీలిరంగు అద్దాలతో ఎగుడుదిగుడుగా నిలబడ్డ సెయింట్ రీజిస్. జీన్ గ్యాంగ్ అనే ఆర్కిటెక్ట్ దీన్ని గీశారు. ఒక మహిళ రూపొందించిన భవనాల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైనది ఇదే. పైన తెరిచిన డెక్ మీద కూర్చోండి, కానీ పల్చని జాకెట్ ఉండాలి. సెప్టెంబరులో ఊళ్లో వెచ్చగా ఉన్నా నీటి మీద గాలి చల్లగా కొడుతుంది.

ఎత్తు నుంచి ఊరు చూడటానికి రెండు చోట్లున్నాయి, ఒకటి చాలు. విల్లిస్ టవర్ 110 అంతస్తులు, 1450 అడుగులు, దాదాపు పాతికేళ్లు ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన భవనం. పాతవాళ్లు ఇప్పటికీ సియర్స్ టవర్ అనే అంటారు. 103వ అంతస్తులో గోడ బయటికి పొడుచుకొచ్చిన అద్దాల పెట్టెలుంటాయి, కాళ్ల కింద నేరుగా వీధి కనిపిస్తుంది. రెండోది ఉత్తరాన పాత జాన్ హాన్‌కాక్ భవనం, 94వ అంతస్తులో 360 షికాగో. నా ఓటు దీనికే. ఇక్కడి నుంచి సరస్సు ఒడ్డు వంపు తిరుగుతూ పోవడం కనిపిస్తుంది, విల్లిస్ టవర్ కూడా దృశ్యంలో భాగమవుతుంది. సూర్యాస్తమయానికి గంట ముందు టైమ్‌కి టికెట్ తీసుకుంటే పగలూ, సంధ్యా, దీపాలూ మూడూ చూస్తారు. ఈ రెండు భవనాలూ నిలబడటం వెనకున్న ఇంజనీరు ఒక్కరే. ఢాకాలో పుట్టి ఇల్లినాయ్‌కి చదువుకోవడానికి వచ్చిన ఫజ్లుర్ రెహ్మాన్ ఖాన్. తొమ్మిది చదరపు గొట్టాలను కట్టగా కట్టినట్టు విల్లిస్ టవర్‌ని నిలబెట్టారు. హాన్‌కాక్ మీద బయటికే కనిపించే పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు గాలి ఒత్తిడిని మోయడానికి ఆయన పెట్టినవే. విల్లిస్ టవర్ పక్క వీధికి ఆయన పేరు పెట్టారు.

శుక్రవారం పొద్దున్నే, తెరవగానే, మిలీనియం పార్కుకి వెళ్లండి. అందరూ బీన్ అని పిలిచే క్లౌడ్ గేట్ దగ్గర ఆ వేళ జనం పల్చగా ఉంటారు. 168 స్టెయిన్‌లెస్ స్టీలు పలకలను అతికి, అతుకు కనబడకుండా మెరుగుపెట్టారు. చేసింది బొంబాయిలో పుట్టిన అనీష్ కపూర్. వంగి లోపలికి వెళ్లి పైకి చూడండి, మీ ఇద్దరి ప్రతిబింబాలు సాగి, తిరగబడి, పది చోట్ల కనిపిస్తాయి. ఫొటోకి అదే మంచి చోటు. దారికి అవతల షికాగో కల్చరల్ సెంటర్ ఉంది. 1897లో ఊరి సెంట్రల్ పబ్లిక్ లైబ్రరీగా కట్టింది. పైన టిఫనీ గాజు గుమ్మటం 38 అడుగుల వెడల్పు. ప్రవేశం ఉచితం, అరగంట చాలు.

అక్కడి నుంచి నాలుగడుగులు దక్షిణానికి నడిస్తే రెండు కంచు సింహాలు కాపలా కాసే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. దీనికి శుక్రవారం మిగతా పగలంతా ఇవ్వండి. 1893 సెప్టెంబరు 11న స్వామి వివేకానంద సర్వమత మహాసభలో మాట్లాడింది ఈ భవనంలోనే. అప్పుడు ఊళ్లో జరుగుతున్న ప్రపంచ ప్రదర్శన సభల కోసం కొత్తగా కట్టారు, తర్వాత మ్యూజియం అయింది. ఆయన ప్రసంగించిన హాలు తాత్కాలికంగా వేసింది, ఇప్పుడు లేదు. కానీ మెట్లవే, గడప అదే. బయట మిషిగన్ అవెన్యూ మీద స్వామి వివేకానంద వే అని గోధుమరంగు బోర్డు ఉంటుంది, తలెత్తి చూస్తేనే కనబడుతుంది. చిన్నప్పుడు స్కూల్లో జనవరి 12న ఉపన్యాస పోటీల్లో "అమెరికా సోదర సోదరీమణులారా" అని బట్టీపట్టి చెప్పిన వాళ్లం చాలామందిమి. ఆ బోర్డు కింద నిలబడితే మనసు నిండుతుంది. మీరు వచ్చేది సరిగ్గా ఆ తేదీలకు దగ్గర్లోనే కాబట్టి దీన్ని వదులుకోకండి.

లోపల అన్నీ చూడాలనుకుంటే కాళ్లు లాగేసి ఏదీ గుర్తుండదు. ఫ్రెంచ్ చిత్రకారుడు సూరా గీసిన "గ్రాండ్ జాట్ ద్వీపపు ఆదివారం" అనే చిత్రం దగ్గర ముందు పది అడుగుల దూరంలో నిలబడి, తర్వాత దగ్గరికి వెళ్లండి. మనుషులూ గొడుగులూ చెట్లూ అన్నీ చుక్కలుగా విడిపోతాయి. ఏడడుగుల ఎత్తు, పదడుగుల వెడల్పు గుడ్డ మీద దాదాపు రెండేళ్లు పనిచేశాడు ఆయన. గ్రాంట్ వుడ్ వేసిన అమెరికన్ గోథిక్, హాపర్ గీసిన నైట్‌హాక్స్, వాన్ గో పడకగది కూడా చూడండి. ఆ తర్వాత ఓపిక ఉంటే దక్షిణాసియా శిల్పాల గది. వారంలో మూసి ఉండే రోజులున్నాయి, టికెట్ కొనేముందు వాళ్ల సైట్‌లో చూసుకోండి.

ఇప్పుడు తిండి. ముందు జాగ్రత్తలు చెప్తాను, ఎందుకంటే షికాగో గర్వంగా చెప్పుకునే రెండు వంటకాలూ బీఫ్‌వే. షికాగో హాట్‌డాగ్‌లో ఉండేది బీఫ్ ససేజ్. ఇటాలియన్ బీఫ్ శాండ్‌విచ్ సంగతి పేరులోనే ఉంది. కొన్ని చోట్ల బంగాళాదుంప ఫ్రైస్ కూడా బీఫ్ కొవ్వులో వేయిస్తారు, అడగకుండా తినొద్దు. హాట్‌డాగ్ రుచి తెలియాలంటే వెజ్జీ డాగ్ ఉన్న చోట అదే అలంకరణతో ఇవ్వమనండి. గసగసాలు చల్లిన బన్ను, ఆవాల సాస్, ఆకుపచ్చ రెలిష్, ఉల్లిపాయ, టమాటా, పుల్లని దోసకాయ బద్ద, చిన్న పచ్చిమిరపకాయలు, పైన సెలరీ ఉప్పు. కెచప్ అడగకండి, ఇక్కడి వాళ్లు దాన్ని అపచారంగా చూస్తారు. అసలు రుచి ఆ మిరపకాయల్లోనూ ఆ ఉప్పులోనూ ఉంది, కాబట్టి ససేజ్ మారినా నష్టం లేదు.

డీప్ డిష్ పిజ్జా తినదగ్గదే, కానీ ఒక్కసారి చాలు. 1943లో పిజ్జేరియా ఊనోలో మొదలైందని చెప్తారు, ఆ దుకాణం రివర్ నార్త్‌లో ఇప్పటికీ ఉంది. లోతైన పెనంలో పిండి పరిచి, దాని మీద చీజు, తర్వాత కూరగాయలు, అన్నిటికన్నా పైన ముక్కలుగా చిదిమిన టమాటా వేస్తారు. ముప్పావు గంట దాకా కాలాలి కదా, చీజు పైనుంటే మాడిపోతుంది, అందుకని తలకిందులుగా పేర్చడం. మీకు నేను చెప్పేది లూ మల్నాటీస్‌లో పాలకూర, పుట్టగొడుగులు, టమాటా చక్రాలతో చేసే ద లూ. ఇద్దరికి చిన్న సైజు ఒకటి తీసుకోండి. పక్కన సలాడ్ తప్ప ఇంకేమీ వద్దు, రెండు ముక్కలకే కడుపు నిండుతుంది. కూర్చోగానే ఆర్డర్ చేయండి, కాలేదాకా కాచుకోవాల్సిందే. పిజ్జా మీద ససేజ్ అంటే ఇక్కడ మామూలుగా పోర్కే, మీవారు గుర్తుంచుకోవాలి. మీరు చీజులో దూడ కడుపు నుంచి తీసే రెనెట్ విషయంలో కూడా పట్టింపు ఉన్నవారైతే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక్కడి జనం వారం వారం తినేది డీప్ డిష్ కాదు, ట్యావర్న్ స్టైల్. పల్చగా, కరకరలాడుతూ, చిన్న చదరపు ముక్కలుగా కోసి ఇస్తారు. బార్లలో బీరుతో పాటు చేతిలో పట్టుకుని తినడానికి పుట్టిన పిజ్జా. దాని మీద జార్డినేరా వేయించుకోండి. క్యారెట్, కాలీఫ్లవర్, సెలరీ, మిరపకాయలు నూనెలో ఊరేసి చేస్తారు, మన నాలుకకి వెంటనే నచ్చుతుంది. నాకు డీప్ డిష్ కన్నా ఇదే ఇష్టం.

శనివారం మధ్యాహ్నం భోజనానికి పింక్ లైన్ ఎక్కి 18వ వీధి స్టేషన్‌లో దిగండి. అది పిల్సెన్. చెక్ దేశస్థులు వచ్చి స్థిరపడి తమ ఊరి పేరు పెట్టుకున్న పేట, తర్వాత మెక్సికన్లది అయింది. స్టేషన్ మెట్ల నుంచే గోడల నిండా బొమ్మలు మొదలవుతాయి. నేషనల్ మ్యూజియం ఆఫ్ మెక్సికన్ ఆర్ట్ ఉచితం, గంటన్నరలో హాయిగా చూడొచ్చు. తర్వాత ఏదైనా చిన్న టకేరియాలో, అంటే టాకోలు అమ్మే దుకాణంలో, కూర్చోండి. మీవారికి చికెన్ టాకోలు, మీకు బీన్స్, చీజు, గుమ్మడి పూలు లేదా పుట్టగొడుగుల కెసడీయా. బీన్స్‌లో మాంతేకా వేశారా అని అడగడం మరచిపోకండి. పంది కొవ్వుకి వాళ్ల మాట అది, ఆ ఒక్క మాట అంటే కౌంటర్ దగ్గర వెంటనే అర్థమవుతుంది. వేసిన చోటైతే బీన్స్ వదిలేయండి.

శాకాహారులకి షికాగోలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇథియోపియన్ భోజనం. రెడ్ లైన్‌లో ఉత్తరానికి వెళ్తే ఎడ్జ్‌వాటర్ పేటలో బ్రాడ్‌వే మీద దొరుకుతుంది. టెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి పోసే ఇంజెరా మన అట్టుకి అక్కలాంటిది. దాన్ని పెద్ద పళ్లెం నిండా పరిచి, పైన ఎర్రపప్పు, శనగపప్పు, క్యాబేజీ, ఆకుకూర కుప్పలుగా పెడతారు. చేత్తో తింటారు. వాళ్ల చర్చి ఉపవాస దినాల్లో మాంసం, పాలు ముట్టరు, అందుకే శాకాహారపు వంట అంత బాగా పండింది. వెజ్ పళ్లెం ఒకటి, మీవారికి డోరో వాట్ అనే కోడి కూర ఒకటి చెప్పుకుంటే ఇద్దరికీ మిగులుతుంది. కాకపోతే ఆ కోడి కూరలో ఉడికించిన గుడ్డు ఉంటుంది, రెండూ ఒకే పళ్లెంలో పెట్టొద్దని ముందే చెప్పండి.

శుక్రవారం రాత్రి ఆ భోజనం చేసి, తిరిగి వచ్చేదారిలో అప్‌టౌన్‌లో గ్రీన్ మిల్ అనే పాత జాజ్ క్లబ్బులో కాసేపు కూర్చోవచ్చు. లారెన్స్ స్టేషన్ పక్కనే. 21 ఏళ్లు దాటినట్టు గుర్తింపు కార్డు, కాస్త నగదు దగ్గరుంచుకోండి. పాట జరిగేటప్పుడు అక్కడ ఎవరూ మాట్లాడరు.

డెవన్ అవెన్యూ గురించి అడిగారు. డాలస్ వాళ్లు ఇడ్లీ కోసమో బిర్యానీ కోసమో అక్కడిదాకా వెళ్లక్కర్లేదు, మీ ఊళ్లోనే అంతకన్నా ఎక్కువ దొరుకుతుంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండేది కూడా నేపర్‌విల్, అరోరా, షామ్‌బర్గ్ వైపు శివార్లలోనే. డెవన్ గుజరాతీల, హైదరాబాదీ ముస్లింల, పాకిస్తానీల వీధి. మీరు డాలస్‌లో సరుకులు కొనుక్కునే పటేల్ బ్రదర్స్ మొదటి దుకాణం 1974లో తెరిచింది ఆ వీధిలోనే. ఆ చరిత్ర మీద ఆసక్తి ఉంటే ఒక సాయంత్రం వెళ్లి చాట్ తిని రండి. అక్కడ నిహారీ, హలీం చెప్పేముందు ఏ మాంసమో అడగాలి, చాలా చోట్ల బీఫే వండుతారు. అరోరాలో శ్రీ వేంకటేశ్వర ఆలయం ఉంది. యూనియన్ స్టేషన్ నుంచి మెట్రా రైలు, ఆపైన క్యాబ్, రానూపోనూ సగం రోజు. నాలుగు రోజుల ట్రిప్‌లో మొక్కు ఉంటేనే పెట్టుకోండి.

నేవీ పియర్ వదిలేయవచ్చు. వేసవి బాణసంచా ఉన్న రాత్రులైతే వేరు, మామూలు రోజు అది దుకాణాల వరస. దానికి బదులు ఒక సాయంత్రం బకింగ్‌హామ్ ఫౌంటెన్ దగ్గర కూర్చోండి. 1927 నాటిది, చీకటి పడ్డాక గంటకోసారి రంగుదీపాలతో నీళ్లు లేస్తాయి. లేదా ఆడ్లర్ ప్లానెటేరియం ముందున్న గట్టు మీదికి వెళ్లండి. ఊరంతా నీటి మీద వరసగా కనిపించేది అక్కడి నుంచే.

ఆదివారం పొద్దున బ్రౌన్ లైన్ ఎక్కి లూప్ చుట్టూ ఒకసారి తిరగండి. 1897 నుంచి భవనాల మధ్య స్తంభాల మీద నడుస్తున్న రైలు ఇది, పడవలో కింద నుంచి చూసినవి ఇప్పుడు మూడో అంతస్తు కిటికీల ఎత్తు నుంచి చూస్తారు. తర్వాత లింకన్ పార్క్ జూ, ప్రవేశం ఉచితం. పక్కనే సరస్సు ఒడ్డు. అవతలి గట్టు కనబడదు, సముద్రమే అనిపిస్తుంది. ఎయిర్‌పోర్టుకి బయల్దేరేముందు గారెట్ అనే దుకాణంలో క్యారమెల్, చీజు కలిపిన పాప్‌కార్న్ ఒక డబ్బా కట్టించుకోండి, తీపీ ఉప్పూ కలిసి వింతగా బాగుంటుంది.

బుకింగుల వరస ఇలా పెట్టుకోండి: ముందు హోటల్, వెంటనే గురువారం సాయంత్రం పడవ, తర్వాత శనివారం సూర్యాస్తమయానికి 360 షికాగో, ఆ తర్వాత ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. విమానం ఆలస్యమైతే పడవ శనివారం పొద్దుటికి మార్చుకునేలా ఆ పూట ఖాళీగా ఉంచండి. మీ హోటల్ ఏ వీధిలో దొరికిందో రాస్తే, అక్కడికి దగ్గర్లో పొద్దుటి టిఫిన్‌కి మీరు తినగలిగేవి ఏమున్నాయో చెప్తాను.